అనంతపురం నుంచి అండమాన్‌కు: విశ్రాంత జీవితంలో చలికాలపు కాపురం

ఉద్యోగ విరమణ చేసినవాళ్ళు చలికాలం ఎక్కడైనా వెచ్చని చోట గడుపుదామనుకుంటే గోవానో కేరళనో తలుచుకుంటారు గానీ, మన అనంతపురం వాళ్ళకు అండమాన్ తట్టడం అరుదు. గుంతకల్లు డివిజన్‌లో రైల్వే ఉద్యోగం చేసి విరమించిన నేనూ, మా ఆవిడా కొన్నేళ్ళుగా డిసెంబరు మొదలుకొని శివరాత్రి దాకా పోర్ట్ బ్లెయిర్‌లో అద్దె ఇంట్లో ఉంటున్నాం. 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరును శ్రీవిజయపురంగా మార్చారు.

మన ఊరి చలి పెద్ద చలి కాదని తెలుసు. అయితే రాత్రి ఉష్ణోగ్రత 17 డిగ్రీల దాకా దిగి, పొడిగాలి వీస్తుంటే, అరవై దాటినవాళ్ళ మోకాళ్ళు తెల్లవారుజామున పట్టేస్తాయి, మడమలు పగులుతాయి. అక్కడ పగలు 30 డిగ్రీలకు అటూ ఇటూగా, రాత్రి 23 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది; గాలిలో ఎప్పుడూ తేమే. మా ఆవిడ మడమల పగుళ్ళు అక్కడికి చేరిన కొద్ది రోజులకే మానిపోతాయి.

వెళ్ళాలనుకునే పెద్దవాళ్ళకు నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఇల్లు పోర్ట్ బ్లెయిర్ ఊళ్ళోనే తీసుకోండి. హేవలాక్, అంటే 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చిన దీవి, చూడటానికి చాలా అందమైనది. రెండు మూడు రోజులు ఉండి రావచ్చు. కానీ అక్కడి నుంచి పెద్దాసుపత్రికి రావాలంటే సముద్రం మీద సుమారు రెండు గంటల ప్రయాణం, అదీ సముద్రం పోటెత్తకుండా పడవలు తిరిగితేనే. ప్రధానమైన ప్రభుత్వ ఆసుపత్రి జి.బి.పంత్ పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. పెద్ద వైద్యం అవసరమైతే చెన్నై చేరాలి, విమానంలో రెండు గంటల పైచిలుకు. అందుకని డయాలసిస్ జరుగుతున్నవాళ్ళూ, ఈ మధ్యనే గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళూ ఈ ఆలోచన మానుకోవడమే మేలని నా అభిప్రాయం. మిగతావాళ్ళు ఉండబోయే నెలలకు సరిపడా బీపీ, షుగరు మాత్రలు ఇక్కడే కొనుక్కొని బయలుదేరాలి.

ఇల్లు ఒడ్డున కాకుండా మిట్ట మీద చూసుకోవాలి. 2004 డిసెంబరు 26న వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేలే కొంత కిందికి కుంగింది. ఊరికి దగ్గర్లోని సిప్పీఘాట్ వైపు వెళితే, ఒకప్పుడు పంటపొలాలైన చోట ఇప్పటికీ ఉప్పునీళ్ళు నిలిచి కనిపిస్తాయి. కరువుకు బీడుపడిన పొలాలు చూస్తూ పెరిగిన నాకు, నీళ్ళ కింద శాశ్వతంగా పోయిన ఆ పొలాలను చూసినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది.

పొద్దు విషయంలో శరీరం అలవాటు పడటానికి కొంత సమయం పడుతుంది. అనంతపురానికీ పోర్ట్ బ్లెయిర్‌కూ రేఖాంశంలో 15 డిగ్రీల తేడా ఉంది, గడియారం మాత్రం ఒక్కటే. కాబట్టి అక్కడ సూర్యుడు మనకంటే దాదాపు గంట ముందు ఉదయిస్తాడు, డిసెంబరులో సాయంత్రం ఐదు దాటగానే అస్తమిస్తాడు. మేము నడక తెల్లవారుజామునే ముగించి, రాత్రి భోజనం ఏడింటికల్లా చేసేస్తాం. మాత్రల వేళలు కూడా డాక్టరుగారిని అడిగి అలాగే జరుపుకున్నాం.

వంటింట్లో తేమతో నిత్యం పోరాటమే. ఉప్పు సీసా అడుగున నీరు చేరుతుంది. మా ఆవిడ అందులో నాలుగు వేయించిన బియ్యపు గింజలు వేసి ఉంచుతుంది. రాగిపిండి తీసుకెళితే కొన్నాళ్ళకే ఉండలు కట్టి ముక్కవాసన వస్తుంది కాబట్టి, రాగులు గింజలుగానే తీసుకెళ్ళి, వారానికి సరిపడా మిక్సీలో పట్టుకుంటాం. ఊరిబిండికి, అంటే వేరుశనగ పచ్చడికి, చెనిక్కాయలు మాత్రం వేయించి, మూత గట్టిగా పట్టే డబ్బాలోనే పెట్టాలి. కూరగాయల్లో చాలావరకు ఓడలో రావలసినవే; బంగాళాఖాతంలో వాయుగుండం పడితే టమోటా ధర మన బజారులో ఊహించలేనంత పెరుగుతుంది.

ఒంటరితనం మాకు ఎన్నడూ తెలియలేదు, ఎందుకంటే అక్కడ తెలుగువాళ్ళు చాలామంది. వారిలో శ్రీకాకుళం వైపు నుంచి తరాల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబాలే ఎక్కువగా మాకు పరిచయం. చేపలమ్మే ఒకామె గేటు దగ్గర నిలబడి, "ఏటమ్మా, ఈయేల సూరలొచ్చినాయి, తీసుకుంటావేటి?" అని పిలుస్తుంది. మొదట్లో మా ఆవిడ, "మాకు చెరువు చేపలే అలవాటు తల్లీ" అనేది. ఆ చేపను చింతపండు పులుసులో ఎలా వండాలో ఆమే వంటింట్లోకి వచ్చి నేర్పింది. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ ప్రారంభమైనప్పటి నుంచి ఇంటర్నెట్టు కూడా బాగుపడింది, మనవళ్ళతో రోజూ వీడియోలో మాట్లాడుతున్నాం.

ఏడాదికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే ఆ దీవిలో కూడా జనవరి తర్వాత వానలు బాగా తగ్గి, ఎండలు ముదిరేకొద్దీ కుళాయి నీళ్ళకు కటకట మొదలవుతుంది. అందులో సగం వాన కూడా ఎరగని మన జిల్లావాళ్ళకు బిందెలు నింపి దాచుకోవడం కొత్త కాదు గానీ, అక్కడివాళ్ళ వాటాలో మనం పంచుకోవడం న్యాయం కాదనిపించి, శివరాత్రికి తిరుగుముఖం పడతాం.

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చేసి బయలుదేరితే నిశ్చింతగా ఉంటుంది. గుంతకల్లు నుంచి కడప, రేణిగుంట మీదుగా చెన్నైకి రైలు, అక్కడి నుంచి విమానం. క్రిస్మస్ సెలవుల్లో ఛార్జీలు బాగా పెరుగుతాయి కాబట్టి డిసెంబరు మొదటి వారానికి టికెట్లు ముందుగానే తీసుకోవాలి.