రెవెన్యూ స్టాంపు అంచులు

మిర్యాలగూడలో ఇరవై ఆరేళ్లు రైస్ మిల్లు గుమస్తాగా పనిచేసిన మా నాన్నకు నేను ఏం చదువుతున్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేకపోయాను. మోసం ఆనవాళ్ల కోసం కంపెనీల లెక్కలు తవ్వే చదువు నాది. ఫోరెన్సిక్ అకౌంటింగ్ అన్న దాని పేరు వినగానే ఆయనకు శవపరీక్ష గుర్తొచ్చింది. "అలాంటిదే నాన్నా, చచ్చిపోయిన కంపెనీలకు చేస్తారు" అన్నాను. "మరి బతికున్నప్పుడు ఎవరూ చూడరా?" అన్నారు. చదువు కోసం గుజరాత్‌లోని గాంధీనగర్ వచ్చి రెండు సెమిస్టర్లు గడిచాయి, ఆ ప్రశ్నకు నా దగ్గర ఇంకా మంచి జవాబు లేదు.

మొదటి నెలంతా చట్టాలే. 2013 కంపెనీల చట్టం, మోసానికి శిక్ష చెప్పే 447వ సెక్షన్, కంపెనీల మోసాలను దర్యాప్తు చేసే సీరియస్ ఫ్రాడ్ ఇన్వెస్టిగేషన్ ఆఫీసు అధికారాలు. ఆ తర్వాత మనిషి మోసం ఎందుకు చేస్తాడో చెప్పే, అమెరికా నేరశాస్త్రవేత్త డొనాల్డ్ క్రెసీ పేరు మీద చెప్పుకునే త్రికోణం: ఒత్తిడి, అవకాశం, తప్పు చేస్తూ మనిషి తనకు తాను చెప్పుకునే సమర్థన. పరీక్షల్లో తప్పక వస్తుందని బట్టీ పట్టాను. మూడో కోణం మా ఇంట్లోనే ఉందని అప్పటికి తెలియదు.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ కేసు మొదలుపెట్టిన రోజు మాస్టారు "హైదరాబాద్ వాళ్లు ఎవరు?" అని అడిగారు. చెయ్యెత్తాను. ఇక్కడ మిర్యాలగూడ అయినా, మంచిర్యాల అయినా హైదరాబాదే. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు దొంగ లెక్కలు ఒప్పుకుంటూ తమ బోర్డుకు రాసిన లేఖ ప్రతులు అందరికీ పంచారు. ఆ లేఖ అనగానే లోకానికి గుర్తొచ్చేది పులి మీద స్వారీ మాట. ఆ వాక్యాన్ని పెన్నుతో కొట్టేసి మిగతాది చదవమన్నారు మాస్టారు.

చదివితే అంకెలు ఇలా ఉన్నాయి. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు ప్రకటించిన ఆదాయం 2,700 కోట్లు, అసలుది 2,112 కోట్లు. ప్రకటించిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలుది 61 కోట్లు. రెండు చోట్లా తీసివేత చేయండి, 588 కోట్లే వస్తుంది. ఆ మూడు నెలల్లో లేని నగదు పెరిగింది కూడా సరిగ్గా 588 కోట్లే. లేని అమ్మకానికి జీతాలు ఇవ్వనక్కర్లేదు, కరెంటు బిల్లు రాదు. అందుకే ఆదాయంలో కలిపినదంతా లాభంలోకి, అక్కడి నుంచి బ్యాంకు నిల్వలోకి చెక్కుచెదరకుండా నడిచి వెళ్లింది. మొత్తం మీద లేని నగదు 5,040 కోట్లు. దాని మీద రావలసిన వడ్డీ అంటూ ఇంకో 376 కోట్లు రాసుకున్నారు! లేని ఆవుకు పాలు పితకడమే కాదు, పెరుగు కూడా తోడేశారు.

సీబీఐ లెక్క ప్రకారం ఇందులో నకిలీ ఇన్వాయిస్‌లు 7,561. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లోనే వాటిని దాచిపెట్టే గుర్తు ఒకటి ఉండేది. అది తెలివే, ఒప్పుకుంటాను. కానీ మాస్టారు ఎక్కువసేపు ఆగింది బ్యాంకు ధ్రువీకరణ పత్రాల దగ్గర. ఖాతాలో ఎంత ఉందో చెప్పమని ఆడిటరు బ్యాంకుకు తానే లేఖ పంపాలి, జవాబు కూడా నేరుగా తన చేతికే రావాలి. ఇక్కడ పంపడం, తెప్పించడం రెండూ కంపెనీ చేతిలోనే వదిలేశారని అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ తర్వాత తేల్చింది. "కాగితంలో ఏముందో తర్వాత చూద్దురు గాని, అది మీకు ఎవరిచ్చారో ముందు రాసుకోండి" అన్నారు మాస్టారు. రాసుకున్నాను. ఎర్ర ఇంకుతో గీత కూడా గీశాను. ఏం లాభమో చివర చెబుతాను.

అసలు పని వోచర్లతో మొదలైంది. ఒక గిడ్డంగుల కంపెనీ పాత కాగితాలు, పేర్లన్నీ నల్లగా పూసినవి, 432 వోచర్ల కట్ట నా వంతుకు వచ్చింది. అన్నీ హమాలీల కూలీ చెల్లింపులే. బెన్‌ఫోర్డ్ సూత్రం కొత్తగా నేర్చుకున్న ఉత్సాహం నాది. సహజంగా పుట్టిన లెక్కల్లో మొదటి అంకె 1 సుమారు 30 శాతం సార్లు, 9 అయితే 4.6 శాతం సార్లు వస్తుంది. నా కట్టలో 9తో మొదలయ్యేవి 21 శాతం. 9,800, 9,750, 9,900. దొంగ దొరికాడని రెండు పేజీల నివేదిక రాసి ఇచ్చాను. అది "40ఏ(3)?" అన్న ఒకే ఒక్క ఎర్ర ప్రశ్నతో తిరిగొచ్చింది.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని సెక్షన్ అది. ఒక రోజులో ఒకరికి నగదుగా పదివేలు దాటి చెల్లిస్తే పన్ను లెక్కలో ఆ ఖర్చును ఒప్పుకోరు. కాబట్టి మేస్త్రీకి ఇచ్చే కూలీని పదివేల లోపే ఉంచుతారు. మా నాన్నను అడిగి ఉంటే అర నిమిషంలో చెప్పేవారు. "ఇదివరకు ఇరవై వేలు ఉండేదమ్మా, 2017 నుంచి పదివేలు చేశారు" అని ఆ రాత్రి ఫోనులో చెప్పనే చెప్పారు. ఆ తర్వాత కాస్త ఆగి, "స్టాంపులు చూశావా?" అని అడిగారు.

ఐదు వేలు దాటిన రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. స్టాంపులు షీటుగా వస్తాయి, చింపుకోవాలి. తొందరలో చింపితే ఒకదాని అంచు పక్కదానికి అంటుకుని వస్తుంది. మర్నాడు ల్యాబులో భూతద్దం కింద వోచర్లు పరిచాను. ఏప్రిల్ 17 నాటి స్టాంపుకు కుడి అంచున మూడు పళ్లు లేవు. నవంబరు 3 నాటి స్టాంపుకు ఎడమ అంచున మూడు పళ్లు అదనంగా ఉన్నాయి. పక్కపక్కన పెడితే రెండూ ఒక్కటయ్యాయి. సాయంత్రానికి అలాంటి జతలు పదకొండు దొరికాయి. ఏడాది పొడుగునా రాసినట్లు కనిపించే వోచర్లు ఒకేసారి కూర్చుని, ఒకే షీటు ముందు పెట్టుకుని రాసినవి.

సంతోషంగా ఫోను చేసి, "నీకెలా తెలుసు నాన్నా?" అని అడిగాను. అవతల చాలాసేపు మాట లేదు. "ఆడిటరు వచ్చే ముందు రాత్రి మేమూ అలాగే రాసేవాళ్లం. డబ్బు నిజంగానే ఇచ్చామమ్మా. కాగితమే లేదు" అన్నారు. అది క్రెసీ త్రికోణంలో మూడో కోణమో, నిజమో నాకు తేలలేదు. నేను అడగలేదు, ఆయన ఇంకేమీ చెప్పలేదు.

అందుకే ఈసారి నివేదికలో మోసం అన్న మాట రాయలేదు. ఈ స్టాంపులు ఒకే షీటు నుంచి వచ్చాయి, వోచర్ల మీది తేదీలు నమ్మదగినవి కావు, డబ్బు హమాలీలకు చేరిందా లేదా అన్నది వాళ్లను అడిగితేనే తెలుస్తుంది అని రాసి ఊరుకున్నాను.

"ఎన్ని మార్కులు?" అన్నారు నాన్న.

"ఇరవైకి పదిహేడు."

"మిగతా మూడు ఎక్కడ పోయాయి?"

వోచర్ల కట్ట నాకు ఎవరిచ్చారో, ఏ తేదీన ఇచ్చారో నివేదికలో రాయడం మరిచిపోయానని చెప్పాను.