కార్బ్యురేటర్ ఏ పాపం చేయలేదు

బావకు ఈ రాత్రికి ఫోన్ చేయను. చేస్తే మళ్లీ కార్బ్యురేటర్, అదే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కిచ్చే భాగం, దాన్నే అంటాడు. బండి స్టార్ట్ కాకపోతే కార్బ్యురేటర్, పొగొస్తే కార్బ్యురేటర్, హారన్ మోగకపోయినా దాన్నే విప్పమంటాడేమో.

మా బండి డెబ్బైల నాటి రెండు సిలిండర్ల మోటార్ సైకిల్. స్లోలో నిలబెడితే వంక పెట్టడానికి ఉండదు, సగం రేస్ దాటగానే మిస్ కొడుతుంది. అక్కడే అందరూ పప్పులో కాలేస్తారు. లోడ్ మీద సిలిండర్‌లో ఒత్తిడి పెరుగుతుంది, ఆ ఒత్తిడిలో ప్లగ్ గ్యాప్ దాటాలంటే స్పార్క్‌కి ఇంకా ఎక్కువ వోల్టేజీ కావాలి, ప్లగ్‌కి వచ్చే వైర్లో గానీ, ప్లగ్ తలకు తొడిగే క్యాప్‌లో గానీ లోపం ఉంటే సరిగ్గా అప్పుడే బయటపడుతుంది. పైకి మాత్రం అచ్చం పెట్రోల్ అందనట్టే ఉంటుంది. ఇంకేముంది, జెట్లు ఊదు, ఫ్లోట్ చూడు, మళ్లీ బిగించు, మళ్లీ విప్పు. ఆ ఇత్తడి స్క్రూల తలలు అరిగిపోయాయి కూడా, ఆ కోపం ఇంకా తగ్గలేదు నాకు.

ఇవాళ మల్టీమీటర్ పట్టుకుని కూర్చున్నా. కుడి ప్లగ్ క్యాప్ ఐదు కిలో ఓమ్‌ల దగ్గర బుద్ధిగా నిలబడింది. ఎడమది ఇరవై ఎనిమిది, నలభై, వేలితో కాస్త కదిపితే అసలు ఏమీ లేదు, ఓపెన్, అంటే దారే తెగిపోయింది. లోపలున్న రెసిస్టర్, అదే కరెంటుని కాస్త అడ్డుకునే ముక్క, ఎప్పుడో పోయింది.

నాన్న ఉంటే నిమిషంలో పట్టేసేవాడు అనుకున్నా.

నాన్న బండి క్యాప్‌లలో రెసిస్టర్ ఉండేది కాదు. పాయింట్ల బండికి, అంటే తెరుచుకుని మూసుకునే లోహపు కాంటాక్ట్‌లతో స్పార్క్ పుట్టించే పాత బండికి, అది లేకపోయినా నడుస్తుంది, అది ఉన్నది ముఖ్యంగా రేడియోల్లో గరగర రాకుండా. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అయితే ఆ గోలకు దాని బుర్రే తిరుగుతుంది, అది వేరే కథ. నాన్న కిక్ కొట్టగానే లోపల రేడియోలో గరగరమని మొదలయ్యేది, రేస్ పెంచితే గరగర కూడా సన్నబడి కీచుమనేది, వార్తల్లో సగం దానికే పోయేవి. అమ్మ "ఏమండీ, అదేదో కాస్త దూరంగా తీసుకెళ్లి కొట్టుకోండి" అని అరిచేది. చీకటి పడ్డాక దీపం ఆర్పించి, ఇంజన్ ఆన్‌లో పెట్టి, వైర్ల మీద నీళ్లు చల్లేవాడు. ఎక్కడ లీకుంటే అక్కడ సన్నటి నీలం గీత చిటపటమంటూ ఇంజన్ రెక్కల మీదకి దూకేది. నన్ను ముట్టుకోవద్దని, తనే ముట్టుకుని ఎగిరిపడి, నవ్వేవాడు.

ఆగండి, ఇది రాస్తుంటే గుర్తొస్తోంది. ఆ నీళ్ల ప్రయోగం ఎప్పుడూ చివర్లో జరిగేది. అంతకు ముందు పొద్దంతా నాన్న ముందు కూడా పెట్రోల్ గిన్నెలో నానుతూ కార్బ్యురేటరే ఉండేది! బావకు ఈ పని నేర్పింది ఎవరనుకున్నారు మరి? నిమిషంలో పట్టేసేవాడు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కోపం కూడా సగం తీసుకుంటున్నా, స్క్రూల సంగతి మాత్రం బావే చెప్పాలి.

క్యాప్ మార్చడం ఎంతసేపు. పాతది అపసవ్యంగా తిప్పితే ఊడొచ్చింది, వైరు కొస పచ్చగా చిలుం పట్టి ఉంది. అర సెంటీమీటర్ కోస్తే మెరిసే రాగి బయటపడింది. కొత్త క్యాప్ లోపలి మర ఆ రాగి తీగల మధ్యకు దిగాలి, అది చేతికి తెలుస్తుంది, బిగువు పెరుగుతూ వస్తుంది. కార్బన్ నార ఉన్న వైరైతే ఈ మర పట్టదు. కుడిదీ మార్చేశా, అది బాగానే ఉన్నా సరే. తమ్ముడేమో ప్లగ్ నంబర్లో ఆర్ ఉంటే దాని లోపలా రెసిస్టర్ ఉన్నట్టే, ఇంకో ఐదు కిలో ఓమ్‌లు కలుస్తాయి జాగ్రత్త అన్నాడు. లేదురా, మామూలు ప్లగ్గే.

ఫుల్ రేస్‌లో సాఫీగా వెళ్లింది. బావుంది.

ఇప్పుడు నా టెన్షనంతా వైరు పొడుగు గురించే. ఎవరెవరో కోసీ కోసీ ఎడమది బిగుతుగా సాగి కూర్చుంది, హ్యాండిల్ తిప్పితే పర్వాలేదు గానీ ట్యాంక్ ఎత్తితే లాగుతోంది. స్పార్క్‌కి కావాల్సిన హై వోల్టేజీ పుట్టించే కాయిల్‌తో కలిపి పోసిన వైరు, విడిగా మార్చడానికి లేదు. కాయిల్‌నే కాస్త ముందుకు జరిపి బిగిస్తే కుదురుతుందేమో, రేపు ట్యాంక్ దించి చూడాలి.