ఉంగరం దగ్గరుండగా హనుమ పడిన దిగులు

సుందరకాండ పారాయణలో మనవాళ్లు పరుగులు పెట్టేది 12, 13 సర్గల దగ్గరే. సముద్రలంఘనం రాగయుక్తంగా చదువుతారు, లంకాదహనం వచ్చేసరికి గొంతు హెచ్చుతుంది. నడుమ స్వామి ఒంటరిగా తనతో తాను మాట్లాడుకున్న ఘట్టం మాత్రం గబగబా దొర్లిపోతుంది. సాయంత్రానికి 68 సర్గలూ ముగించి వడమాల వేయాలన్న ఆత్రం! నాకు బాధ కలిగేది ఇక్కడే.

నూరు యోజనాల సముద్రం దాటినవాడికి సీతమ్మ కనబడలేదు. పొగిడి లేపడానికి పక్కన జాంబవంతుడు లేడు. అప్పుడు తనకు తానే చెప్పుకున్నాడు: ‘అనిర్వేదః శ్రియో మూలమనిర్వేదః పరం సుఖమ్’. దిగులుపడకపోవడమే సిరికి మూలం, అదే పరమ సుఖం. మళ్లీ లేచి, రావణాంతఃపురంలో నాలుగంగుళాల చోటు కూడా విడవకుండా వెతికాడు. అయినా కనబడలేదు.

ఇక 13వ సర్గలో మొదటికంటే పెద్ద దిగులు. నేను వట్టి చేతులతో వెళితే రాముడు బతకడు, ఆయన లేకపోతే లక్ష్మణుడు, ఆపై భరత శత్రుఘ్నులు, తల్లులు, సుగ్రీవుడు, వానరులందరూ... మనసు ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయింది. అందులో ఒక్కటీ జరగలేదు. అన్నీ లోపలి గొంతు అల్లిన చావులే. చివరికి తన ప్రాణం తీసుకోవాలనే దాకా వచ్చి, తనే ఆగాడు: ‘వినాశే బహవో దోషా జీవన్ భద్రాణి పశ్యతి’. బతికుంటే శుభాలు చూడవచ్చు. అలా ఆగాకే ఇంకా వెతకని అశోకవనం కంటపడింది.

అంత దిగులులోనూ రాముడిచ్చిన ఉంగరం ఆయన దగ్గరే ఉంది. నన్ను కదిలించేది ఇదే. అంతమంది వానరులలో ఏరి మరీ రాముడు ఆయన చేతికిచ్చాడు. తాను పనికిరానివాడినని హనుమ అనుకుంటే, తప్పుపట్టేది తననా, ఎంచుకున్న రాముడినా?

మొన్న మా వదిన పారాయణకు కూర్చుంది. గాలికి దీపం కొండెక్కింది. వెంటనే నుదురు కొట్టుకుంటూ, “నా మొహానికి ఏదీ సవ్యంగా సాగదు” అంది. నూనె పోసి, ఆమె చేతే వెలిగించాను. చిన్నప్పటి నుంచీ అదే మాట. అనుకోగా అనుకోగా నలుగురిలో నోరు విప్పడం మానేసింది. కూర బాగుందన్నా నమ్మదు. వదినా, భగవంతుడు చేసిన మనిషిని అంత మాట అనడానికి నీకు మనసెలా వస్తుంది?

ఆత్మనింద వినయం కాదు. 42వ సర్గలో లంకంతా దద్దరిల్లేలా ‘దాసోఽహం కోసలేంద్రస్య’ అన్నాడు స్వామి. ముందు రామదాసుణ్నని చెప్పి, ఆ తర్వాతే శత్రుసేనలను చంపేవాణ్నన్నాడు. ఆ గొంతులో గర్వమూ లేదు, దైన్యమూ లేదు.

పారాయణ ఒక్క రోజులో పూర్తికాకపోతే రెండు రోజులు పట్టనివ్వండి. 13వ సర్గను తొందర లేకుండా, అర్థంతో సహా, ఇంటిల్లిపాదికీ వినపడేలా చదవండి. పరీక్ష తప్పిన పిల్లవాడు ఇంట్లో ఉంటే, వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని మరీ చదవండి.