నెట్ విజువల్ ఆర్ట్స్: బరోక్ దగ్గర బోల్తా పడి లేచాక

నిన్న రాత్రి యూజీసీ నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) రిజల్ట్ చూశాను, జేఆర్‌ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) వచ్చింది. రెండోసారికి. సిలబస్, ప్యాటర్న్ మీకు తెలిసినవే, అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ 1కి పాత ప్రశ్నపత్రాలు చాలు, కాబట్టి మొదటిసారి ఎక్కడ పోయిందో అదే చెప్తాను.

బరోక్‌లో, అంటే పదిహేడో శతాబ్దపు యూరప్ కళాశైలిలో పోయింది. ఎవరివో నోట్స్ జిరాక్స్ తీయించి పుర్రె అంటే మరణం, పాము అంటే పాపం, గొర్రెపిల్ల అంటే క్రీస్తు అని ఎక్కాల్లా బట్టీ పట్టాను. జతపరచమంటే పెట్టేశాను గానీ అసర్షన్–రీజన్ (ఒక వాక్యం, దానికి కారణం ఇచ్చి సరిచూడమనే) ప్రశ్నల్లో "ఎందుకు" అనేసరికి చేతులెత్తేశాను. చదవక కాదండీ, రోజుకి పది గంటలు చదివాను, చదివిన పద్ధతే తప్పు.

తర్వాత డచ్ చిత్రకారుడు వెర్మీర్ 1670 ప్రాంతంలో వేసిన కాథలిక్ విశ్వాసం అలిగరీని (ఒక భావాన్ని మనిషి రూపంలో చూపే బొమ్మ) న్యూయార్క్ మెట్ మ్యూజియం సైట్‌లో జూమ్ చేసుకుని గంటసేపు చూశాను. ఒక స్త్రీ గుండె మీద చెయ్యి, గ్లోబు మీద కాలు. నేల మీద ఆపిల్, రాతి కింద నలిగి నెత్తురు కక్కుతున్న పాము. మా అమ్మ తొంగిచూసి "కాళీయమర్దనమా?" అంది. కాదు, కృష్ణుడైతే పాము పడగల మీదే ఆడతాడు, ఈవిడ పాముని చూడను కూడా చూడదు, కళ్లు పైకి, పని చేసింది రాయి. ఆ రాయే క్రీస్తు, బైబిల్ చెప్పే మూలరాయి! నోట్స్‌లో ఈ ముక్క లేదు. గుర్తులు చాలావరకు ఇటాలియన్ రచయిత రిపా గుర్తుల పుస్తకం ఐకనోలాజియా నుంచి తీసుకున్నవి, దాని డచ్ అనువాదం 1644లో వచ్చింది. వెర్మీర్ ఊరు డెల్ఫ్ట్‌లో అప్పట్లో ప్రొటెస్టెంట్ల పాలన, కాథలిక్కులు బహిరంగంగా పూజ చేసుకోకూడదు, ఇళ్లలోనే చాటుగా. అందుకే కాబోలు ఎడమవైపు అంత పెద్ద తెర, మనకోసం కాస్త పక్కకి లాగినట్టు. రోమ్‌లో అదే మతానికి దాపరికం అక్కర్లేదు: పోజ్జో అనే చిత్రకారుడు వేసిన సాంత్ ఇగ్నాజియో చర్చి కప్పు మీద వెలుగు క్రీస్తు నుంచి జెస్యూట్ సంఘ స్థాపకుడు ఇగ్నేషియస్‌కి, అక్కణ్నుంచి నాలుగు ఖండాలకి పోతుంది. బొమ్మలు జనానికి మతం నేర్పాలని కాథలిక్ చర్చి ట్రెంట్ సభ 1563లో తేల్చింది కదా, ఇది దాని ఫలమే.

పుర్రె కూడా అంతే, ఫ్రెంచ్ చిత్రకారుడు లా తూర్ వేసిన మగ్దలీన్ మరియ ఒళ్లో ఉంటే పశ్చాత్తాపం, డచ్ వానిటాస్ (లోకసుఖాలు నిలవవని చెప్పే వస్తువుల బొమ్మ) బల్ల మీద ఉంటే సంపదలన్నీ పోతాయని హెచ్చరిక.

రోజుకి ఒక బొమ్మ, ఒక గంట, ఫోన్ పక్క గదిలో. టైం లేదనకండి, రెండోసారి ఉద్యోగం చేస్తూ చదివినవాణ్ని. రీల్స్‌కి ఉండే టైం బరోక్ చిత్రకారుడు కరవాజియోకి ఉండదా?

నోట్స్ పంపమని మాత్రం అడగొద్దు, ఆ జిరాక్స్ కట్ట పాత పేపర్లతో కలిపి అమ్మేశాను.