రెండు చెంచాల నెయ్యి

బుధవారం, రాత్రి 11

పొద్దున రౌండ్స్‌కి వెళ్లేసరికి ఐదో బెడ్ అమ్మాయి తల్లి వరండాలో కాచుకుని ఉంది, చేతిలో స్టీలు క్యారియర్. ఆ అమ్మాయిది అనొరెక్సియా, లావవుతానన్న భయంతో తిండి మానేసే జబ్బు. "డాక్టరమ్మా, పెరుగన్నంలో రెండు చెంచాల నెయ్యి కలిపాను. దానికి చెప్పకండి, మీకు పుణ్యముంటుంది" అంది గొంతు తగ్గించి.

వద్దన్నాను. నెలల తరబడి మాడిన ఒంటికి తిండి ఒక్కసారిగా పెంచితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి గుండెకే ముప్పు. అందుకే ముందు థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చి, రోజూ రక్తం పరీక్షిస్తూ కొద్దికొద్దిగా పెంచుతున్నాం. రెండు చెంచాల నెయ్యితో అంతా తలకిందులవుతుందని కాదు. పిల్ల పసిగడితే ఇక మా చేతి మంచినీళ్లు కూడా ముట్టదు. "దాచిపెట్టి తినిపించొద్దమ్మా" అని కాస్త గట్టిగానే చెప్పాను. పాపం, క్యారియర్ మూత పెట్టేసుకుంది.

మధ్యాహ్నానికి పల్స్ 42కి పడిపోయింది. పొటాషియం కూడా తగ్గింది. ముక్కులోంచి ట్యూబ్ వేద్దామన్నారు ప్రొఫెసర్ గారు. ఆ అమ్మాయి ససేమిరా అంది.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం, చెప్పింది అర్థమవుతోందా, ఏమవుతుందో తెలుస్తోందా, తన నిర్ణయం చెప్పగలుగుతోందా అని చూడాలి. అడిగాను. బీఎస్సీ చదివిన పిల్ల, గుండె ఎలా ఆగిపోతుందో నాకంటే శుభ్రంగా చెప్పింది. "చచ్చిపోవాలని లేదు మేడమ్. లావవడం మాత్రం నావల్ల కాదు." దీనికి ఏ గడిలో టిక్ పెట్టను? అన్నీ తెలుసు. తన ఒంటి దగ్గరికొచ్చేసరికి ఆ తెలిసింది పనిచేయదు.

బ్రిటన్‌లో 2012లో ఇలాంటి కేసులో, 32 ఏళ్లావిడకు బలవంతంగానైనా ఆహారం ఇవ్వమంది కోర్టు. 2014లో ఇంకొకావిడ విషయంలో వద్దంది. చదివినప్పుడు రెండూ సబబే అనిపించాయి. అదే నా చిక్కు.

చివరికి ప్రొఫెసర్ గారు, జనరల్ మెడిసిన్ డాక్టరు విడివిడిగా చూసి, అదే చట్టం సెక్షన్ 89 కింద, ఆమె ఒప్పుకోకపోయినా ఆసుపత్రిలో ఉంచి వైద్యం చేయొచ్చని రాశారు. ఆమె తరఫు ప్రతినిధిగా తండ్రి సంతకం పెట్టాడు. 30 రోజుల దాకా ఉంచుకోవచ్చు. ట్యూబ్ వేస్తుంటే ఆమె చెయ్యి పట్టుకున్నది నేను. ధైర్యానికి పట్టుకున్నానో, కదలకుండా పట్టుకున్నానో.

సాయంత్రం అడిగింది, "ఇందులో ఎన్ని కేలరీలు మేడమ్?"

చెప్పలేదు. అంకెలు చెప్పకూడదన్నది మా వార్డు పద్ధతి, దానికి కారణాలూ ఉన్నాయి. కానీ పొద్దున వాళ్లమ్మకి దాపరికం వద్దని చెప్పిన నోరే ఇది. ఆ అమ్మాయి నావైపు కాసేపు చూసి గోడవైపు తిరిగి పడుకుంది.

ఏడు రోజులకోసారి ఆమె నిర్ణయశక్తిని మళ్లీ చూడాలి. వచ్చే బుధవారం అవే ప్రశ్నలు, నేనే అడగాలి.