పదో తరగతి వర్గ సమీకరణాలు: పరీక్ష ముందు నేను చేయించేది

పదో తరగతి లెక్కల్లో వర్గ సమీకరణాలంటే పిల్లలకి టెన్షన్ సూత్రం దగ్గర కాదు, అది నిద్రలో లేపి అడిగినా చెప్తారు, అసలు చిక్కంతా మాటల్లో ఇచ్చిన లెక్కని సమీకరణంగా రాయడంలోనే ఉంది.

అందుకే పబ్లిక్ పరీక్షల ముందు చాలా లెక్కల్ని సమీకరణం వరకే రాయించి ఆపేస్తాను. ఈ రైలు లెక్క చూడండి: 360 కిలోమీటర్లు ఒకే వేగంతో వెళ్లే రైలు, గంటకి 5 కిలోమీటర్లు ఎక్కువ వేగంతో వెళ్తే గంట ముందే చేరుతుంది, అసలు వేగం ఎంత? వేగం ఎక్స్ అనుకోవడం అందరూ చేస్తారు. మరి 360 బై ఎక్స్ అంటే ఏంటి అని అడిగితే చాలామంది ఆగిపోతారు. అది ప్రయాణానికి పట్టే కాలం అని వాళ్ల నోటితోనే చెప్పించాలి. రెండు కాలాల తేడా 1 అని రాశాక మిగతాది సులువే: ఎక్స్ స్క్వేర్ ప్లస్ 5 ఎక్స్ మైనస్ 1800 ఈక్వల్ టు సున్నా, మూలాలు 40, మైనస్ 45.

వేగం రుణాత్మకం కాదు కాబట్టి మైనస్ 45 తీసుకోం అన్న వాక్యం రాయాల్సిందే. బాగా చదివే పిల్లలు కూడా కారణం రాయకుండా మైనస్ 45ని ఊరికే కొట్టేస్తారు, చూస్తే బాధేస్తుంది. ఇక సరిచూడటం: 360ని 40తో భాగిస్తే 9, 5 పెరిగిన వేగం 45తో భాగిస్తే 8, తేడా గంట. క్షణాల్లో అయిపోయే పని.

తల్లిదండ్రులకి ఒక్క మాట, పరీక్ష ముందు రోజు కొత్త గైడు కొనివ్వకండి, నోట్సులో తప్పుపోయిన లెక్కలే మళ్లీ చేసుకోనివ్వండి.