కమ్యుటేషన్‌లో పోయిన పైసలకు కూడా పన్ను కట్టబోయాను

నేను 2019 జూన్‌లో రిటైరయ్యాను, దేవరకొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో స్కూల్ అసిస్టెంట్‌గా, అప్పటికి మాకు 58 ఏళ్లకే రిటైర్మెంట్. ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నాం. పెన్షన్‌లో 40 శాతం కమ్యూట్ చేసుకున్నాను, అంటే ఆ భాగాన్ని ముందే ఒక్కసారి మొత్తంగా తీసుకున్నాను, ఆ డబ్బు, గ్రాట్యుటీ కలిపి 20 లక్షలు బ్యాంకులో ఎఫ్‌డీ వేశాను. అప్పటినుంచి నెలనెలా 10,800 కమ్యుటేషన్ కింద కట్ అవుతాయి. 15 ఏళ్లకు, అంటే 2034లో, అవి మళ్లీ పెన్షన్‌లో కలుస్తాయి.

నిరుడు 2024-25 ఆదాయపు పన్ను రిటర్న్ వేయించుకుందామని మా ఇంటి దగ్గర ఒక షాపుకు పోయాను. పెన్షన్ స్లిప్పులు, పాన్, ఆధార్ అన్నీ ఇచ్చాను. ఆ అబ్బాయి స్లిప్పులో పైన ఉన్న గ్రాస్ తీసుకున్నాడు, ఏడాదికి 6,57,000, దానికి ఎఫ్‌డీ వడ్డీ లక్షన్నర కలిపి, 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే 7,32,000 తేలింది. కొత్త విధానంలో ఆ ఏడాదికి 7 లక్షల వరకే రిబేటు, దాటింది కాబట్టి సెస్సుతో కలిపి 24,128 పన్ను, బ్యాంకు ముందే 15,000 టీడీఎస్ పట్టుకుంది కాబట్టి ఇంకా 9,128 కట్టాలి సార్ అన్నాడు. రేపు వస్తానని చెప్పి లేచాను, కానీ ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, ముప్పై ఏళ్లు ప్రతి ఫిబ్రవరిలో స్కూల్లో అందరి ఐటీ ఫారాలు నింపినవాడిని, నా లెక్క ఎందుకు ఇట్లా వచ్చిందో నాకే అర్థం కాలేదు.

పొద్దున్నే మాకు సీనియర్ అయిన ఒక హెడ్‌మాస్టర్ సార్ ఇంటికి పోయి స్లిప్పు చూపించాను. ఆయన కమ్యుటేషన్ అని ఉన్న గడి మీద వేలు పెట్టి, "ఇవి నీ చేతికి వచ్చినయా? రాని పైసలకు పన్నెట్ల కడ్తవ్?" అన్నారు. అంతే, విషయం అక్కడే ఉంది. సర్కారు ఉద్యోగులకు రిటైరయినప్పుడు ఒక్కసారి వచ్చిన కమ్యుటేషన్ డబ్బు మీద పన్ను లేదు, ఆ తర్వాత నెలనెలా కోత పోను మిగిలిన పెన్షన్, దానికి కలిసే డీఆర్ (ధరల పెరుగుదలకు ఇచ్చే కరువు భృతి), ఇవే ఆదాయం. (డీఆర్ మాత్రం కోతకు ముందున్న పూర్తి పెన్షన్ మీద లెక్కగడతారు, అందుకే స్లిప్పు చూసి చాలామంది తికమకపడతారు.) ఏడాదికి 1,29,600 తీసేసి చూస్తే నా ఆదాయం 6,02,400. రిబేటు పోను పన్ను సున్నా.

ఇంటికి వచ్చి ఆదాయపు పన్ను పోర్టల్‌లో నా ఆదాయం, పట్టుకున్న పన్ను వివరాలుండే ఏఐఎస్, 26ఏఎస్ రెండూ దింపుకుని, రిటర్న్ ఫారం ఐటీఆర్-1 నేనే నింపాను. మా కోడలు పక్కన కూర్చుంది. ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేశాం, అది 30 రోజుల్లోపు చేయాలి, దాటితే వెరిఫై చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క, అసలు చేయకపోతే రిటర్న్ చెల్లదు. కొన్ని వారాలకు 15,000 రీఫండ్ ఖాతాలో పడింది.

అయినా ఆ 15,000 అసలు పట్టుకోవాల్సిన అవసరమే లేదు. బ్యాంకులో అడిగితే, "సార్, మీరు 15హెచ్ ఇచ్చింది పోయినేడాదికి, ఈ ఏడాదికి ఇయ్యలే కదా" అన్నారు. నాకు పన్ను పడదు, టీడీఎస్ పట్టొద్దని 60 నిండినవాళ్లు ఇచ్చే ఆ ఫారం ఒకసారి ఇస్తే నడుస్తుందనుకున్నాను. అట్ల కాదు, ప్రతి ఏప్రిల్‌లో కొత్తగా ఇవ్వాలి, ఎన్ని బ్యాంకుల్లో ఎఫ్‌డీలుంటే అన్నింటిలో ఇవ్వాలి, 60 నిండకముందు అయితే అప్పట్లో 15జీ ఇచ్చేవాళ్లు. తీసుకున్నట్టు స్టాంపు వేయించుకోండి, ఊరికే ఇచ్చి రాకండి.

మిర్యాలగూడలో మా అక్కకు బావగారి ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఆమె కాగితాలు కూడా చూశాను. ఫ్యామిలీ పెన్షన్‌కు ఆ 75 వేలు వర్తించదు, అది జీతం కింద కాక ఇతర ఆదాయం కింద రాయాలి, కొత్త విధానంలో మూడో వంతు లేదా 25 వేలు, ఏది తక్కువైతే అది తీసేస్తారు. ఆమెది కూడా ఎవరో జీతం గడిలో నింపి పెట్టారు. అది మార్చి, మళ్లీ వేయించి వచ్చాను.